అద్దానికీ వార్ధక్యానికీ అండ: ఎర్నెస్ట్ అబ్బే



ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వవలసిందిగా మన కార్యదర్శిగారు కోరినప్పుడు, గాంధీగారి గురించో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. నేను ఎంచుకున్న వ్యక్తి పేరు సైన్సు చదివినవారికి ప్రపంచమంతటా తెలుసు. మన ఇళ్ళలో మాత్రం అంతగా వినబడదు. అయినా ఆయన చలవ మన బీరువాల్లోని కెమెరాల్లో ఉంది. పింఛను అనేది యజమాని దయ కాదని, అది పనిచేసినవాడి హక్కని తన ఫ్యాక్టరీలో 1896లోనే రాతపూర్వకంగా పెట్టినవాడు కూడా ఆయనే. ఈ రెండు సంగతులూ ఒక్క మనిషి జీవితంలో ఎలా కలిశాయో చెప్పాలనే ఈ వ్యాసం.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను సర్వే విభాగంలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. థియోడలైటు నా చేతికిచ్చిన మొదటి రోజునే మా సీనియర్ సర్వేయరుగారు లెన్సును వేలితో ముట్టుకోరాదని, దుమ్ము ఊదకుండా గుడ్డ పెట్టరాదని గట్టిగా చెప్పారు. సర్వీసంతా ఆ మాట తప్పలేదు. ప్రభుత్వ లెన్సు విషయంలో అంత జాగ్రత్తగా ఉన్న నేను సొంత కెమెరా విషయంలో అశ్రద్ధ చేశాను. మా బావమరిది విదేశం నుంచి వస్తూ తెచ్చి ఇచ్చిన తూర్పు జర్మనీ కెమెరా అది. పిల్లల అక్షరాభ్యాసాలకు, పెళ్ళిళ్ళకు తీసిన ఫోటోలన్నీ దానివే. పదవీ విరమణ తరువాత దాన్ని తోలు కేసులో పెట్టి, బీరువాలో పట్టుచీరల పక్కన భద్రపరిచాను. మూడు వర్షాకాలాలు గడిచాక మనుమడు అడిగితే తీసి చూద్దును గదా, లెన్సు లోపల సాలెగూడు అల్లినట్లు సన్నని తెల్లని పోగులు! రిపేరు చేసే అతను లెన్సు విప్పి బూజు తుడిచాడు గాని, అది పాకిన చోటల్లా అద్దం మీద చారలు మిగిలిపోయాయి. అవి ఇక పోవన్నాడు.

ఆ రోజే లెన్సు చుట్టూ ఉన్న వలయం మీది అక్షరాలు శ్రద్ధగా చదివాను. కార్ల్ జైస్, జెనా అని ఉంది. జెనా కాదు, యేనా అనాలట. జర్మనీలో ఒక చిన్న విశ్వవిద్యాలయ పట్టణం. ఆ పేరు పట్టుకొని లైబ్రరీలో కొంత, మనుమడి సహాయంతో కంప్యూటరులో కొంత వెతుకుతూ పోతే, జైస్‌గారి వెనుక నిలబడి ఉన్న ఎర్నెస్ట్ అబ్బే కనిపించాడు.

తండ్రి అన్నం తిన్న తీరు

అబ్బే 1840 జనవరి 23న జర్మనీలోని ఐసెనాఖ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి ఒక నూలు మిల్లులో కార్మికుడు. వ్యాపారం మామూలుగా ఉన్నప్పుడు రోజుకు పద్నాలుగు గంటలు, గిరాకీ పెరిగినప్పుడు పదహారు గంటలు పని. మధ్యాహ్నం భోజనానికి కూడా విరామం లేదు. తల్లికి వీలుకాని రోజున ఎర్నెస్టో, ఏడాది చిన్నదైన చెల్లెలో క్యారియరు పట్టుకొని మిల్లుకు వెళ్ళేవారు. తండ్రి యంత్రానికి ఆనుకొని నిలబడే నాలుగు ముద్దలు గబగబా మింగి, ఖాళీ గిన్నె పిల్లల చేతికిచ్చి, మళ్ళీ పనిలో పడేవాడు. మంచి దేహదారుఢ్యం ఉన్న మనిషి. అలాంటివాడు నలభై ఎనిమిదేళ్ళకే వంగిపోయి ముసలివాడిలా అయ్యాడు. అంత బలం లేని అతని తోటివారు ముప్పై ఎనిమిదికే ఆ స్థితికి వచ్చేవారు. ఈ దృశ్యాన్ని అబ్బే జీవితాంతం మరచిపోలేదు. తాను పెద్దవాడై, వందలాది కార్మికులకు యజమాని అయిన తరువాత కూడా సభల్లో దీన్ని చెప్పుకొనేవాడు.

పిల్లవాడు చురుకైనవాడని గమనించి మిల్లు యజమాని చదువుకు కొంత సాయం చేశాడు. మంచిపనే. కాని ఆ మిల్లులో పనిచేసేవారి పిల్లలందరికీ అటువంటి అదృష్టం పట్టలేదు. ఒకరి మనసు కరిగితే ఒక పిల్లవాడు చదువుకుంటాడు, కరగకపోతే లేదు. ఈ తేడా ఎంతటిదో అబ్బేకు చిన్నప్పుడే అనుభవంలోకి వచ్చింది. ఆయన తరువాత చేసిన పనులకు విత్తనం ఇక్కడే పడిందని నా అభిప్రాయం.

1857లో యేనా విశ్వవిద్యాలయంలో చేరి, తరువాత గోటింగెన్‌లో చదివి, 1861లో, అనగా ఇరవై ఒకటో ఏట డాక్టరేటు పొందాడు. 1863లో యేనాకే తిరిగి వచ్చి అధ్యాపకుడయ్యాడు. అక్కడి ఆచార్యుడు కార్ల్ స్నెల్ కుమార్తెను 1871లో వివాహం చేసుకున్నాడు. వారికి ఇద్దరు కూతుళ్ళు.

ఉప్పు చూసి వంట చేసినట్లు

కార్ల్ జైస్ 1846లో యేనాలో చిన్న వర్క్‌షాపు పెట్టి సూక్ష్మదర్శినులు తయారుచేస్తుండేవాడు. 1866 నాటికి వెయ్యవ సూక్ష్మదర్శిని అమ్మాడు. పేరు బాగానే వచ్చింది గాని ఆయనకు తృప్తి లేదు. కారణం, లెన్సులు కుదిరే పద్ధతి. అనుభవజ్ఞుడైన పనివాడు అద్దాన్ని అరగదీస్తాడు, అమర్చి చూస్తాడు, బొమ్మ సరిగా రాకపోతే మరో అద్దం వేస్తాడు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పులుసు కాచి, రుచి చూసి, ఇంకొంచెం ఉప్పు వేసినట్లన్నమాట. ఒకసారి బాగా కుదిరింది మళ్ళీ అలాగే కుదురుతుందన్న నమ్మకం లేదు. లెక్క కట్టి లెన్సు చేయగలమా అని జైస్ ఆలోచించాడు. ఆ లెక్క కోసం 1866లో యువ అధ్యాపకుడైన అబ్బేను పిలిచాడు.

అబ్బే మొదటి ప్రయత్నం విఫలమైంది. లెన్సు అంచుల నుంచి వచ్చే కిరణాలే దోషాలకు మూలమని అప్పట్లో అందరూ అనుకొనేవారు. అందుచేత ద్వారాన్ని చిన్నది చేసి, మిగిలినదంతా పక్కాగా లెక్కకట్టి లెన్సులు చేయించాడు. అవి పాత లెన్సులకంటె తక్కువ వివరం చూపించాయి. లెక్క తప్పలేదు, మరి బొమ్మ ఎందుకు చెడింది? మరొకడైతే పనివాళ్ళ మీదికి నెట్టేసేవాడు. అబ్బే తన ఊహనే అనుమానించాడు. సన్నని గీతల గుండా పోయిన వెలుగు పక్కలకు విచ్చుకుంటుందని, ఆ విచ్చుకున్న వెలుగును లెన్సు ఎంత ఎక్కువగా లోపలికి తీసుకోగలిగితే అంత సూక్ష్మమైన వివరం కనబడుతుందని గ్రహించాడు. దీన్నే వివర్తనం అంటారు. ఎంత గొప్ప లెన్సు చేసినా, వెలుగు తరంగదైర్ఘ్యంలో సుమారు సగం కంటె దగ్గరగా ఉన్న రెండు చుక్కలను మామూలు సూక్ష్మదర్శిని విడదీసి చూపలేదని 1873లో ప్రకటించాడు. ఆ సూత్రాన్ని యేనాలో ఆయన స్మారక శిల మీద చెక్కారు.

1872 నుంచే జైస్ వర్క్‌షాపులోని సూక్ష్మదర్శినులు అబ్బే లెక్కల ప్రకారం తయారు కాసాగాయి. అద్దం వంపు సరిగా వచ్చిందీ లేనిదీ చూడడానికి అక్కడి ఫోర్‌మన్ ఆగస్ట్ లోబర్ మాదిరి అద్దంతో పరీక్షించే పద్ధతిని నెలకొల్పాడు. కొత్త అద్దాన్ని మాదిరి అద్దం మీద ఆనిస్తే రెంటి మధ్యా రంగుల వలయాలు కనిపిస్తాయి. వలయాల తీరును బట్టి ఎక్కడ ఎంత అరగదీయాలో తెలుస్తుంది. చేతి నైపుణ్యం అవసరం పోలేదు, దానికి కొలత తోడైంది. క్షయ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని 1882లో కనుగొన్న రాబర్ట్ కాక్ పరిశోధనల్లో వాడినవి అబ్బే రూపొందించిన పరికరాలే.

కొత్త గాజు, కొత్త కెమెరా కన్ను

ఇంకొక చిక్కు మిగిలింది. గాజు గుండా పోయేటప్పుడు నీలం వెలుగు ఎక్కువగా, ఎరుపు తక్కువగా వంగుతుంది. అందువల్ల బొమ్మ అంచులకు రంగులు అంటుకుంటాయి. రెండు రకాల గాజులు జోడించి ఒకదాని దోషాన్ని మరొకదానితో సరిచేయాలి. అయితే అప్పట్లో దొరికే గాజు రకాలు బహు కొద్ది. గాజు వెలుగును ఎంతగా చీలుస్తుందో చెప్పే అంకెను ఈనాటికీ అబ్బే సంఖ్య అనే అంటారు. కావలసిన సంఖ్య కాగితం మీద ఉంది, ఆ గాజు మాత్రం కొలిమిలో లేదు.

1879లో ఓటో షాట్ అనే యువ రసాయన శాస్త్రవేత్త తాను కరిగించిన కొత్త గాజు ముక్కలను పరీక్ష కోసం అబ్బేకు పంపాడు. వారి స్నేహం ఫలించి షాట్ 1882లో యేనాకు మకాం మార్చాడు. 1884లో ఇద్దరూ, జైస్ తండ్రీకొడుకులూ కలిసి గాజు ప్రయోగశాలను స్థాపించారు. బోరాన్, ఫాస్ఫరస్, బేరియం వంటివి కలిపి అంతవరకు లేని గాజులు తీశారు. 1886లో రంగుదోషం దాదాపు పూర్తిగా పోయిన సూక్ష్మదర్శిని లెన్సులు వచ్చాయి. అదే ఏడాది సంస్థ పదివేలవ సూక్ష్మదర్శినిని పూర్తిచేసింది. అయితే ఆ తొలి గాజుల్లో కొన్ని గాలిలోని తేమకు తట్టుకోలేక మసకబారాయి. వాటిని మానుకొని మరింత గట్టి రకాలు వెతుక్కోవలసి వచ్చింది. గాజు అంటే చెక్కు చెదరనిదని మనం అనుకుంటాం, కాని దానికీ వాతావరణం పడకపోవడం ఉంది.

కొత్త గాజుల వల్ల కెమెరా లెన్సులకూ దశ తిరిగింది. అబ్బే సహచరుడు పాల్ రుడాల్ఫ్ 1890లో, మధ్యభాగంతో పాటు అంచులు కూడా స్పష్టంగా వచ్చే ఫోటో లెన్సును రూపొందించాడు. 1902లో నాలుగే అద్దాలతో టెస్సార్ అనే లెన్సు చేశాడు. నా బీరువాలో బూజు పట్టినది దాని వంశంలోదే. అంత పొందికైన, అంత స్పష్టమైన లెన్సు కనుక దశాబ్దాల తరబడి ఎన్నో దేశాల కెమెరాలకు దాని తరహాయే నడిచింది.

మన చేతిలోని లెన్సు

ఇక్కడ కాస్త ఆగి, నా అనుభవంతో నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాను. పాత కెమెరా ఉన్నవారికీ, పిల్లలు కొత్తది కొనిపెట్టినవారికీ ఇవి పనికివస్తాయి.

మొదటిది వాడకం. వెలుగు బాగా ఉన్నప్పుడు అపెర్చరును ఎంత మూస్తే బొమ్మ అంత స్పష్టమని చాలామంది భావిస్తారు. కొంతవరకే అది నిజం. సాధారణ 35 మిల్లీమీటర్ల కెమెరాలో 8వ అంకె ప్రాంతంలో చాలా లెన్సులు చక్కగా పనిచేస్తాయి. 22 దాకా మూస్తే వెలుగు విచ్చుకొని బొమ్మ మెత్తబడుతుంది. అబ్బే తన మొదటి ఓటమిలో కనుగొన్న సంగతి ఇదే.

రెండవది తుడవడం. మనం కళ్ళజోడు తుడిచినట్లు పంచె చెంగుతోనో, చొక్కా అంచుతోనో కెమెరా లెన్సును తుడవరాదు. దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, గుడ్డతో రుద్దితే అవే గీతలు పెడతాయి. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టాలి. తరువాత మెత్తని కుంచెతో విదిలించాలి. వేలిముద్ర ఉంటేనే లెన్సు కాగితం తీసుకొని, శుభ్రపరిచే ద్రవం ఒక చుక్క కాగితం మీద వేసి, మధ్య నుంచి అంచుకు గుండ్రంగా సుతారంగా తుడవాలి. ద్రవాన్ని నేరుగా అద్దం మీద పోస్తే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. లెన్సు మీద ఊదా రంగులోనో, నీలంగానో మెరిసే పూత మిల్లీమీటరులో పదివేలవ వంతు ప్రాంతపు మందం మాత్రమే ఉంటుంది. దీనికి జైస్ సంస్థలో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా 1935లో పేటెంటు పొందాడు. అబ్బే కాలంలో ఆ పూత లేదు. కాబట్టి ఊరికే పదేపదే తుడవడం కంటె, కొద్దిపాటి దుమ్మును పట్టించుకోకపోవడం మేలు.

మూడవది దాచడం. బూజుకు తేమ, చీకటి, కదలని గాలి కావాలి. తోలు కేసు తేమను పీలుస్తుంది. కనుక కెమెరాను కేసులోంచి తీసి, గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. పొట్లాల గింజలు రంగు మారితే వేడిచేసి తిరిగి వాడుకోవచ్చు. నెలకొకసారి బయటికి తీసి, నాలుగు ఫోటోలు తీయాలి. వాడే లెన్సుకు బూజు పట్టడం తక్కువ.

నాలుగవది చూడడం. లెన్సును వెలుగుకు ఎదురుగా పట్టి, లోపల పోగులున్నాయేమో ఏడాదికి రెండుసార్లయినా పరీక్షించాలి. మొదట్లో కనిపెడితే తుడిచేయవచ్చు. ఆలస్యమైతే బూజు వదిలే ఆమ్లం పూతను, ఆపై అద్దాన్ని తింటుంది. నాకు జరిగింది ఇదే. అభిమానం నాకు లేక కాదు, అపురూపంగానే దాచాను. అద్దాన్ని కాపాడేది అభిమానం కాదు, తప్పకుండా పాటించే పద్ధతి. ఈ ఒక్క మాటే అబ్బే జీవితంలో రెండో భాగానికి కూడా తాళం చెవి.

ఆస్తిని కాదన్న యజమాని

1876లో జైస్ అబ్బేను భాగస్వామిగా తీసుకున్నాడు. ప్రఖ్యాత శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ బెర్లిన్‌కు రమ్మని పిలిచినా అబ్బే యేనా వదలలేదు. లాభాలు పెరిగాయి. తన వాటాలోంచి విశ్వవిద్యాలయానికి పేరు చెప్పకుండా విరాళాలు ఇస్తూ వచ్చాడు. 1888 డిసెంబరులో కార్ల్ జైస్ మరణించాడు. నిలబడి అన్నం తిన్న నూలు కార్మికుని కొడుకు ఇప్పుడు పెద్ద సంస్థకు ముఖ్య యజమానులలో ఒకడు.

ఈ సంపద ఎవరిది అన్న ప్రశ్న అబ్బేను వేధించింది. లెన్సు చేసింది పనివాళ్ళ చేతులు. లెక్కకు ఆధారమైన శాస్త్రం తరతరాల పండితులది. వాళ్ళకు జీతాలిచ్చింది ప్రజల సొమ్ముతో నడిచే విశ్వవిద్యాలయం. అటువంటప్పుడు లాభమంతా ఒక కుటుంబానికి వారసత్వంగా పోవడం న్యాయం కాదని ఆయన నిశ్చయానికి వచ్చాడు. 1889లో ఒక ధర్మసంస్థను నెలకొల్పాడు. 1891లో తన వాటానూ, జైస్ కుమారుడు రోడరిక్ వాటానూ దానికి బదిలీ చేయించాడు. దానికి తన పేరు పెట్టుకోలేదు, కార్ల్ జైస్ పేరు పెట్టాడు. ఆ తరువాత తానే అందులో జీతానికి పనిచేసే నిర్వాహకుడయ్యాడు. మన తెలుగులో అబ్బే అంటే కాదు, వద్దు అనడం. అంత ఆస్తిని వద్దన్నవాడికి ఆ పేరు మన భాషలోనే బాగా అతికింది.

1896లో ఆ సంస్థకు ఆయన స్వయంగా నిబంధనావళి రాశాడు. మన సర్వీసు రూల్సు చదివి చదివి అలసినవారికి కూడా అందులోని అంశాలు ఆశ్చర్యం కలిగిస్తాయి. జీతంతో కూడిన సెలవు. పింఛను. చనిపోయిన ఉద్యోగి భార్యకు, పిల్లలకు భృతి. తన తప్పు లేకుండా ఉద్యోగం పోయినవారికి పరిహారం. లాభంలో వాటా. ఉద్యోగంలో చేర్చుకొనేటప్పుడు పుట్టుక, మతం, రాజకీయ పక్షం చూడరాదన్న నియమం. అన్నిటికంటె గొప్పది మరొకటి. సంస్థలో అత్యున్నత అధికారి జీతం సైతం కార్మికుల సగటు జీతానికి పదిరెట్లు మించరాదు. ఆ హద్దు అబ్బేకు కూడా వర్తించింది.

జర్మనీ ప్రభుత్వం 1889లో చేసిన వృద్ధాప్య బీమా చట్టం ప్రకారం వృద్ధాప్య భృతి డెబ్భై ఏళ్ళు నిండినవారికే. మిల్లు కార్మికులు ముప్పై ఎనిమిదికే ముసలివాళ్ళయ్యే కాలంలో డెబ్భై చూసేదెందరు? అబ్బే ఇంకో ముందడుగు వేశాడు. తన సంస్థలో పింఛనును కోర్టుకు వెళ్ళి అడిగి తీసుకోగల హక్కుగా రాశాడు. యజమాని మంచివాడైతే ఇస్తాడు, కానివాడైతే ఇవ్వడు అన్న స్థితి ఉండకూడదని ఆయన పట్టుదల. తాను మంచివాడినన్న నమ్మకం మీద కూడా దాన్ని వదిలిపెట్టలేదు. తన తరువాత వచ్చేవాడు ఎలాంటివాడో ఎవరు చెప్పగలరు?

ఎనిమిది గంటల లెక్క

1900 ఏప్రిల్ నుంచి పనిగంటలను తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాడు. జీతం తగ్గించలేదు. సంస్థ మునిగిపోతుందని కొందరు భయపడ్డారు. అబ్బే ఇక్కడా లెక్కనే నమ్మాడు. ఎంత పనికి అంత కూలి పద్ధతిలో ఉన్న 233 మంది కార్మికుల ఏడాది ఉత్పత్తిని మార్పుకు ముందూ తరువాతా పోల్చాడు. గంటకు జరిగే పని సుమారు 16 శాతం పెరిగింది. అనగా తొమ్మిది గంటల్లో 900 పాళ్ళ పని జరిగేచోట ఎనిమిది గంటల్లో దాదాపు 928 పాళ్ళ పని జరిగింది. విశ్రాంతి పొందిన చెయ్యి చురుగ్గా పనిచేసింది. లెన్సు అరగదీయడంలో అలసిన చెయ్యి చేసే నష్టం ఏమిటో ఆయనకు బాగా తెలుసు.

ఇంత చేసినవాడు తన విశ్రాంతి సంగతి మాత్రం పట్టించుకోలేదు. రాత్రింబవళ్ళ శ్రమతో ఆరోగ్యం క్షీణించింది. నిద్ర పట్టక మందుల మీద ఆధారపడ్డాడు. 1903లో యాజమాన్య బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. అదే ఏడాది యేనాలో సంస్థ నిర్మించిన ప్రజాభవనం తెరుచుకుంది. గ్రంథాలయం, సభామందిరం ఊరందరికీ అందుబాటులోకి వచ్చాయి. 1905 జనవరి 14న, అరవై ఐదో ఏడు నిండడానికి తొమ్మిది రోజుల ముందు అబ్బే కన్నుమూశాడు. ఇతరుల విశ్రాంత జీవితానికి అంత గట్టి పునాది వేసినవాడికి తన విశ్రాంతి రెండేళ్ళు కూడా దక్కలేదు.

ఆయన కట్టిన సంస్థ చాలా తుఫానులు చూసింది. 1945లో రెండవ ప్రపంచయుద్ధం ముగిసేటప్పుడు అమెరికన్లు ముఖ్య నిపుణులను పశ్చిమానికి తరలించారు. యేనా ఫ్యాక్టరీ తూర్పు జర్మనీలో ప్రభుత్వపరమైంది. ఒకే పేరుతో రెండు దేశాల్లో రెండు సంస్థలు నడిచాయి. జర్మనీ ఏకమయ్యాక 1991లో అవి మళ్ళీ కలిశాయి. 2004లో జైస్, షాట్ కంపెనీలు జాయింటు స్టాకు కంపెనీలుగా మారినా, వాటి యజమాని నేటికీ అబ్బే నెలకొల్పిన ఆ ధర్మసంస్థే.

మనకు దీనితో పని

మన పెన్షనర్ల దినోత్సవం డిసెంబరు 17నే ఎందుకో ఇంట్లో పిల్లలు అడిగితే చెప్పండి. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి కొత్త పింఛను సూత్రం వర్తించదన్న కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వుపై శ్రీ డి.ఎస్. నకారా, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1982 డిసెంబరు 17న వారి పక్షాన తీర్పు చెప్పింది. పింఛను ప్రభుత్వం వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కని ఆ తీర్పు స్థిరపరచింది. యేనాలో ఒక లెన్సుల శాస్త్రవేత్త తన నిబంధనావళిలో రాసిన మాటా, ఎనభై ఆరేళ్ళ తరువాత ఢిల్లీలో వెలువడిన తీర్పూ ఒకే న్యాయం మీద నిలిచాయి. 2004 నుంచి ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు చాలామంది చందా పద్ధతి పింఛనులోకి వెళ్ళారు. వాళ్ళు ఈ చరిత్ర తెలుసుకోవడం మరీ అవసరం.

హక్కు రాసి ఉంటే చాలదు, దాన్ని కాపాడుకోవాలి. నాతో పనిచేసిన ఒక మిత్రుడు అకస్మాత్తుగా పోయాడు. పింఛను కాగితాల్లో ఆయన భార్య పేరు ఒక విధంగా, బ్యాంకు ఖాతాలో మరో విధంగా ఉంది. పుట్టిన తేదీ కూడా కలవలేదు. కుటుంబ పింఛను మొదలయ్యేసరికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలు ఆమె పిల్లల దగ్గర చెయ్యి చాచవలసి వచ్చింది. మిత్రుడికి భార్య మీద ప్రేమ లేకనా? నాకు కెమెరా మీద ఉన్నట్లే, ఆయనకూ ఉంది. తీసి చూసుకోవడమే లేదు.

అందుచేత మనవి ఏమంటే, ఈ సంచిక చదివిన తరువాత ఒక ఆదివారం నాడు బీరువా తెరవండి. కెమెరా ఉంటే వెలుగుకు పట్టి చూడండి. ఆ పక్కనే ఉన్న పింఛను ఫైలూ తీయండి. పి.పి.ఓ. నకలు, మీ భాగస్వామి పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు పుస్తకం, ఆధారు కార్డు అన్నిటిలో ఒకేలా ఉన్నాయో లేదో ఇద్దరూ కలిసి కూర్చొని సరిచూడండి. తేడా ఉంటే మన సంఘ కార్యాలయానికి తీసుకురండి, దరఖాస్తు రాయడానికి మేమున్నాం. బూజు కొత్తగా పట్టినప్పుడు చెయ్యి తగిలితే పోతుంది. ముదిరితే చార మిగులుతుంది.

నా కెమెరా ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ మధ్య ఉంది. చారలు అలాగే ఉన్నాయి. ఎండకు ఎదురుగా తీస్తే బొమ్మ కాస్త మసకగా వస్తుంది, ఎండ వీపున ఉంటే బాగానే వస్తుంది. మొన్న మనుమడు దానితోనే మా దంపతుల ఫోటో తీశాడు. ఇద్దరం కుర్చీల్లో నింపాదిగా కూర్చొని ఉన్నాం. ఆ ఫోటో చూసినప్పుడల్లా నిలబడి అన్నం తిన్న ఆ నూలు మిల్లు కార్మికుడూ, గిన్నె పట్టుకొని పక్కన నిలుచున్న పిల్లవాడూ నాకు గుర్తుకు వస్తారు.